తప్పిపోయినవారిని ఇంటికి చేర్చిన మనిషి: ఫ్రిట్యోఫ్ నాన్సెన్

పిల్లలూ! కొత్త బడిలో మొదటి రోజు ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామానంతా పెట్టెల్లో సర్దుతాం. పాత బడిలో టీసీ తీసుకుని కొత్త బడిలో ఇస్తాం. టీచరుగారు హాజరుపట్టీలో అందరి పేర్ల కింద మన పేరు రాసుకుంటారు. మర్నాడు ఆ పేరు పిలిస్తే పలుకుతాం. అప్పటిగ్గానీ ఆ ఊళ్లో మనం కూడా ఉన్నామని అనిపించదు.

మేమూ మీలాంటివాళ్లమే. తెలుగు చెప్పుకుంటూ చాలా ఊళ్లు తిరిగాం. ఒకసారి బదిలీ మీద వెళుతుంటే వానలకు రైలు మధ్యలోనే నిలిచిపోయింది. ఫోన్లలో చార్జింగు అయిపోయింది. రెండు రోజుల పాటు మా కబురు ఇంటికి అందలేదు. ఆ రెండు రోజులూ ఊళ్లో మా అమ్మ అన్నం సరిగా తినలేదట. మేము హాయిగా రైల్లో పల్లీలు తింటూ కూర్చున్నాం. మాకేమో మేము ఎక్కడున్నామో తెలుసు. అమ్మకు తెలియదు. తేడా అంతే.

రెండు రోజులకే ఇలా అయితే, కొడుకు యుద్ధానికి వెళ్లి ఆరేళ్లయినా రాకపోతే ఆ తల్లి సంగతి ఏమిటి? బతికున్నాడని గానీ లేడని గానీ చెప్పేవాళ్లు లేకపోతే? మొదటి ప్రపంచయుద్ధం తర్వాత లక్షల ఇళ్లలో ఇదే పరిస్థితి. అలాంటి సైనికులను వెతికి, లెక్కపెట్టి, ఇళ్లకు చేర్చే పనిని నెత్తిన వేసుకున్న ఒక పెద్దమనిషి జీవితాన్ని ఈసారి మీకు చెబుతాం. ఆయన పేరు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. ఆయన దేశం నార్వే.

మంచులో పెరిగిన కుర్రవాడు

నాన్సెన్ 1861 అక్టోబరు 10న పుట్టారు. ఊరు నార్వే రాజధానికి దగ్గరే. ఆ రాజధానిని అప్పట్లో క్రిస్టియానియా అనేవారు, ఇప్పుడు ఓస్లో అంటున్నాం. తండ్రి న్యాయవాది. ఇంటి చుట్టూ అడవి, చలికాలం వస్తే ఎటు చూసినా మంచు. మన పిల్లలు సైకిలు నేర్చుకున్నట్టు అక్కడి పిల్లలు కాళ్లకు పొడవాటి చెక్కలు కట్టుకుని మంచు మీద జారడం నేర్చుకుంటారు. వాటిని స్కీలు అంటారు. నాన్సెన్ ఆ ఆటలో దేశం మొత్తానికి మొదటివారుగా నిలిచారు, అదీ పలుమార్లు.

చదువులో జంతుశాస్త్రం తీసుకున్నారు. 1882లో సీల్ జంతువులను వేటాడే ఓడ ఎక్కి గ్రీన్‌లాండ్ సముద్రంలోకి వెళ్లారు. అక్కడ దూరం నుంచి గ్రీన్‌లాండ్ తెల్లని కొండలను చూశారు. తిరిగివచ్చాక బెర్గెన్ మ్యూజియంలో ఉద్యోగం చేస్తూ నాడీమండలం మీద పరిశోధన చేసి డాక్టరేటు సంపాదించారు. ఆ తెల్లని కొండలు మాత్రం మనసులోంచి పోలేదు.

1888లో అయిదుగురిని వెంటబెట్టుకుని గ్రీన్‌లాండ్‌ను తూర్పు నుంచి పడమరకు దాటడానికి బయలుదేరారు. అంతకుముందు ప్రయత్నించినవాళ్లు జనం ఉండే పడమటి ఒడ్డు నుంచి మొదలుపెట్టేవారు, కష్టం వస్తే వెనక్కి వచ్చేయవచ్చని. నాన్సెన్ మనుషులు దాదాపు లేని తూర్పు ఒడ్డున దిగారు. వెనక్కి వెళ్లినా అక్కడ ఏమీ లేదు కాబట్టి ముందుకే నడవాలి. దాదాపు 2,700 మీటర్ల ఎత్తున, గడ్డకట్టిన మంచు మైదానం మీద, స్లెడ్జి బండ్లు లాక్కుంటూ ఆ ఆరుగురూ పడమటి ఒడ్డుకు చేరారు.

అప్పటికి ఆ ఏడాది వెళ్లాల్సిన ఓడ వెళ్లిపోయింది. దక్షిణాన మరో రేవులో ఒక ఓడ బయలుదేరబోతోందని తెలిసి, దానికి ఉత్తరాలు మాత్రం పంపగలిగారు. మనుషులు ఆగిపోయినా కబురు ఇంటికి వెళ్లింది. చలికాలమంతా అక్కడి ఇన్యూట్ ప్రజల మధ్య ఉండి, వారి దగ్గర కయాక్ పడవ నడపడం, చలిని తట్టుకునేలా బట్టలు కట్టుకోవడం నేర్చుకున్నారు. తర్వాత ఆయన ప్రాణం నిలబెట్టింది ఆ చదువే.

మూడేళ్లు కబురు లేదు

1889లో నాన్సెన్‌కు ఎవా అనే గాయనితో పెళ్లయింది. అప్పటికే ఆయన మనసులో మరో పెద్ద ఆలోచన తిరుగుతోంది. సైబీరియా తీరానికి అవతల మంచులో నలిగి మునిగిపోయిన ఒక అమెరికన్ ఓడ తాలూకు వస్తువులు, మూడేళ్ల తర్వాత గ్రీన్‌లాండ్ ఒడ్డున దొరికాయి. అంటే ఉత్తరధ్రువపు మంచు ఒక చోట నిలబడి లేదు, మెల్లగా కదులుతోందన్నమాట. అయితే ఒక ఓడను కావాలనే ఆ మంచులో ఇరికిస్తే, మంచే దాన్ని మోసుకుపోతుంది కదా!

పెద్దపెద్ద అన్వేషకులు ఇది పిచ్చి ఆలోచన అన్నారు. నాన్సెన్ వినలేదు. గుండ్రటి అడుగుభాగంతో ఒక ఓడ కట్టించారు. మంచు రెండు వైపుల నుంచి నొక్కితే అది నలిగిపోకుండా, మన వేళ్ల మధ్య నుంచి చింతగింజ జారినట్టు పైకి లేస్తుంది. దాని పేరు ఫ్రామ్. నార్వే భాషలో ముందుకు అని అర్థం. 1893 జూన్ 24న నాన్సెన్‌తో కలిపి 13 మంది ఆ ఓడలో బయలుదేరారు. అప్పటికి నాన్సెన్ కూతురు లివ్‌కు ఆరు నెలలు కూడా నిండలేదు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఓడ మంచులో బిగుసుకుంది. అనుకున్నట్టే మంచు దాన్ని మోసుకుపోసాగింది. కానీ ధ్రువం మీదుగా పోయేలా లేదు. అందుకని 1895 మార్చి 14న నాన్సెన్, యోహాన్సెన్ అనే సహచరుడితో కలిసి ఓడ దిగి, కుక్కల బండ్లతో ఉత్తరానికి నడిచారు. 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం వరకు వెళ్లారు. అంతకు ముందు ఏ మనిషీ అంత ఉత్తరానికి వెళ్లిన దాఖలా లేదు. అక్కడి నుంచి ముందుకు వెళితే తిరిగి రావడం అసాధ్యమని లెక్క వేసుకుని వెనక్కి తిరిగారు.

వెనక్కి అంటే ఓడకు కాదు. ఓడ మంచుతో పాటు ఎటో కదిలిపోయింది, దాన్ని వెతికి పట్టుకోలేరు. దారిలో గడియారాలు ఆగిపోయాయి. దాంతో తాము ఎంత తూర్పున ఉన్నారో, ఎంత పడమరన ఉన్నారో కచ్చితంగా తెలియలేదు. చలికాలం ముంచుకువచ్చింది. ఒక దీవిలో రాళ్లు పేర్చి, పైన వాల్రస్ తోళ్లు కప్పి, చిన్న గుడిసె కట్టుకున్నారు. ఎలుగుబంటి మాంసం తింటూ, జంతువుల కొవ్వుతో దీపం పెట్టుకుని, ఇద్దరూ అందులో ఎనిమిది నెలలకు పైగా గడిపారు.

ఎండలు వచ్చాక మళ్లీ బయలుదేరారు. ఒకరోజు ఒడ్డున కట్టిన కయాక్‌ల తాడు తెగి అవి నీళ్లలో కొట్టుకుపోయాయి. తిండీ, తుపాకులూ అన్నీ వాటిలోనే ఉన్నాయి. నాన్సెన్ గడ్డకట్టించే ఆ నీళ్లలో దూకి, ఈదుకుంటూ వెళ్లి, వాటిని వెనక్కి తెచ్చారు. ఒడ్డుకు వచ్చేసరికి ప్రాణం ఉందా లేదా అన్నట్టు ఉన్నారు.

1896 జూన్ 17న ఆయనకు ఎక్కడో కుక్క అరుపు వినిపించింది. వెతుక్కుంటూ వెళితే మనిషి కనిపించాడు! ఫ్రెడరిక్ జాక్సన్ అనే ఇంగ్లిషు అన్వేషకుడు ఆ దీవుల్లో శిబిరం వేసుకుని ఉన్నారు. ఎదురుగా నిలబడింది పొగచూరి నల్లబడిన ముఖం, జడలు కట్టిన జుట్టు. జాక్సన్ కాసేపు పరకాయించి చూస్తేగానీ గుర్తుపట్టలేకపోయారు.

తర్వాత జరిగింది వినండి. జాక్సన్ దగ్గర నాన్సెన్ పేరున ఉత్తరాలు ఉన్నాయి! తాను ఆ వైపు వెళుతున్నారు కాబట్టి, ఒకవేళ నాన్సెన్ కనిపిస్తే ఇవ్వడానికని, దాదాపు రెండేళ్ల కిందట నార్వే నుంచి వచ్చిన ఉత్తరాలను రేకు పెట్టెలో పెట్టి, సీలు వేయించి తెచ్చుకున్నారు. ఇంటి దగ్గర అంతా క్షేమమని వాటిలో ఉంది. కనిపిస్తాడన్న నమ్మకం ఏమీ లేకుండానే ఎవరో ఒకరు ఆ పెట్టె కట్టారు, మరొకరు దాన్ని రెండేళ్లు భద్రంగా దాచారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

1896 ఆగస్టు 13న నాన్సెన్ నార్వే ఒడ్డున దిగారు. విచిత్రం, సరిగ్గా అదే రోజున ఫ్రామ్ కూడా మంచులోంచి బయటపడింది. వెళ్లిన 13 మందీ ప్రాణాలతో తిరిగివచ్చారు. అప్పటికి లివ్‌కు మూడున్నరేళ్లు.

నార్వే రాయబారి

ఆ తర్వాత నాన్సెన్ సముద్రశాస్త్రంలో ఆచార్యులయ్యారు. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయినప్పుడు, దేశం ఆయనను రాచకార్యాలకు పిలిచింది. డెన్మార్క్ రాకుమారుడిని నార్వేకు రాజుగా రమ్మని ఒప్పించడంలో ఆయన మాట పనిచేసింది. 1906 నుంచి 1908 వరకు లండన్‌లో నార్వే రాయబారిగా ఉన్నారు.

అక్కడ ఉండగానే 1907 డిసెంబరులో భార్య ఎవాకు జబ్బు చేసిందని కబురు వచ్చింది. హుటాహుటిన బయలుదేరారు. ఆయన ఇల్లు చేరేలోపే ఆమె కన్నుమూశారు. ఉద్యోగం కోసం దూరాన ఉండేవాళ్ల ఇళ్లలో ఇలాంటి కష్టం ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1913లో చిన్న కొడుకు కూడా పోయాడు. దక్షిణధ్రువానికి వెళ్లాలన్న తన కలను అంతకు ముందే వదులుకుని, ఫ్రామ్ ఓడను ఆముండ్‌సెన్‌కు ఇచ్చేశారు. ఆ ఓడ మీద బయలుదేరిన ఆముండ్‌సెన్ 1911లో దక్షిణధ్రువాన్ని చేరారు.

ఆచూకీ లేని సైనికులు

1914లో యుద్ధం మొదలైంది. యుద్ధంలో సైనికుడు చనిపోవచ్చు, గాయపడవచ్చు, శత్రువుకు పట్టుబడవచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలియకపోతే అతని పేరు పక్కన ఆచూకీ లేదు అని రాస్తారు. ఇంటికి వెళ్లే కాగితంలోనూ అదే ఉంటుంది.

ఇలాంటివారి కోసం జెనీవా నగరంలో రెడ్‌క్రాస్‌వాళ్లు 1914 ఆగస్టులో ఒక కార్యాలయం తెరిచారు. పని చాలా సాదా. ఇంటివాళ్లు ఫలానా మావాడు ఎక్కడ అని ఉత్తరం రాస్తే ఒక కార్డు రాస్తారు. ఖైదీల శిబిరం నుంచి జాబితా వస్తే అందులోని ఒక్కో పేరుకు ఒక్కో కార్డు రాస్తారు. అన్నిటినీ అక్షరక్రమంలో పెడతారు. రెండు కార్డులూ ఒకచోట కలిస్తే, మీవాడు బతికే ఉన్నాడు, ఫలానా చోట ఉన్నాడు అని ఇంటికి కబురు వెళుతుంది. యుద్ధం ముగిసేసరికి అక్కడ పోగుపడిన కార్డులు సుమారు 70 లక్షలు. స్వచ్ఛందంగా పనిచేసినవారిలో ప్రసిద్ధ రచయిత రొమైన్ రోలాండ్ కూడా ఉన్నారు.

మన దేశం నుంచి కూడా పది లక్షల మందికి పైగా ఆ యుద్ధానికి సముద్రాలు దాటి వెళ్లారు. 1916 ఏప్రిల్‌లో, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న కూత్ పట్టణంలో సుమారు 13,000 మంది సైనికులు తుర్కులకు లొంగిపోవాల్సి వచ్చింది. వారిలో ఎక్కువమంది భారతీయులే. ఫ్రాన్స్‌లోని న్యూవ్ షాపెల్ అనే పల్లెలో ఒక స్మారకం ఉంది. సమాధి అంటూ లేని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల, సహాయకుల పేర్లు దాని గోడ మీద చెక్కి ఉన్నాయి.

1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి. అందరూ ఇళ్లకు వెళ్లారనుకుంటున్నారా? లేదు. జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ సైనికులు లక్షల మంది ఇంకా రష్యాలో ఖైదీలుగా ఉన్నారు. కొందరైతే వేల కిలోమీటర్ల అవతల సైబీరియాలో ఉన్నారు. అటు రష్యా సైనికులు జర్మనీలో చిక్కుకున్నారు. రష్యాలో విప్లవం వచ్చింది, ఆపైన అంతర్యుద్ధం. రైళ్లు నడవవు. తిండి లేదు. శిబిరాల్లో టైఫస్ జ్వరం. మరో చిక్కు ఏమిటంటే, ఆస్ట్రియా-హంగరీ అనే ఆ పెద్ద సామ్రాజ్యమే ముక్కలైపోయింది. సైనికుడు ఏ దేశం తరఫున యుద్ధానికి వెళ్లాడో ఆ దేశమే పటంలో లేదు. మరి అతన్ని నావాడు అని పిలిచేదెవరు?

ఎవరూ ఒప్పుకోని పని

ఆ కొత్తలోనే నానాజాతి సమితి ఏర్పడింది. మన ఐక్యరాజ్య సమితికి అది పెద్దక్క లాంటిది. భారతదేశం కూడా అందులో మొదటి నుంచీ సభ్యదేశమే. 1920 ఏప్రిల్‌లో సమితి ఈ యుద్ధఖైదీల పనిని నాన్సెన్‌కు అప్పజెప్పింది. అప్పటికి ఆయన వయసు 58. మనసంతా సముద్ర పరిశోధన మీదే. అయినా ఒప్పుకున్నారు.

ఎందుకు ఒప్పుకున్నారో మేము ఆలోచించి చూశాం. రాళ్ల గుడిసెలో, గడియారం ఆగిపోయి, తన కబురు ఇంటికి చేరే దారి లేక ఒక చలికాలం గడిపిన మనిషి ఆయన. సైబీరియా శిబిరంలో ఉన్న ఖైదీ సంగతి ఆయనకు ఇంకొకరు వివరించాల్సిన పని లేదు. ఇది మా ఊహే కావచ్చు. కానీ ఆయన పని చేసిన తీరు చూస్తే అది నిజమనే అనిపిస్తుంది.

మొదటి అడ్డంకి మాస్కోలోనే ఎదురైంది. సోవియట్ ప్రభుత్వం నానాజాతి సమితినే గుర్తించదు. గుర్తించనివారి ప్రతినిధితో మాట్లాడేదెలా? నాన్సెన్ పట్టుదలకు పోలేదు. సమితి పేరు పక్కన పెట్టి, ఖైదీలు ఏయే దేశాలవారో ఆ దేశాల తరఫున వచ్చిన మనిషిగా మాట్లాడారు. ఆయన మాట మీద గురి ఉంది కాబట్టి మాస్కో ఒప్పుకుంది. ఖైదీలను రైళ్లలో సరిహద్దు దాకా తెచ్చే బాధ్యత తీసుకుంది. రాయబారం అంటే పెద్ద గదిలో పెద్ద మాటలు అనుకుంటాం. తన హోదా ఏ పేరుతో ఉన్నా సరే, మనుషులు ఇళ్లకు చేరితే చాలునని ఊరుకోవడం కూడా రాయబారమే.

రెండో అడ్డంకి డబ్బు. యుద్ధంతో ప్రతి ఖజానా ఖాళీ అయింది. నాన్సెన్ ప్రభుత్వాల చుట్టూ తిరిగి, ఖర్చును అప్పు రూపంలో ఇప్పించారు.

మూడోది ఓడలు. యుద్ధం తర్వాత జర్మనీ ఓడలు బ్రిటన్ చేతికి వచ్చాయి. వాటిలో కొన్నిటిని ఈ పనికి అడిగి తీసుకున్నారు. బాల్టిక్ సముద్రం మీద, అప్పట్లో జర్మనీలో ఉన్న స్టెటిన్ రేవుకూ, ఎస్టోనియాలోని నార్వా పట్టణానికీ మధ్య అవి తిరిగేవి. ఇందులో తెలివి చూడండి. వెళ్లేటప్పుడు ఓడ ఖాళీగా వెళ్లదు, జర్మనీలో ఉన్న రష్యన్ ఖైదీలను తీసుకెళుతుంది. వచ్చేటప్పుడు రష్యాలో ఉన్న జర్మన్లు, ఆస్ట్రియన్లు, హంగరీవాళ్లను తెస్తుంది. ఒకే ఓడ, ఒకే బొగ్గు, రెండు వైపులా ఇళ్లకు వెళ్లేవాళ్లే!

నార్వాలో పాత కోట ఉంది. సరిహద్దు దాటి వచ్చినవాళ్లను ముందు అక్కడ దించేవారు. స్నానం చేయించి, పేలు పోయేలా బట్టలు ఉడికించి, జ్వరం ఉందేమో చూసి, వేడి తిండి పెట్టి, దుప్పటి ఇచ్చి, పేరు రాసుకుని, అప్పుడు ఓడ ఎక్కించేవారు. టైఫస్ జ్వరం పేల వల్లే వ్యాపిస్తుంది. ఆ స్నానం లేకపోతే ఇంటికి కొడుకుతో పాటు జబ్బు కూడా వెళ్లేది. ఈ పనుల్లో రెడ్‌క్రాస్ ఆయనకు కుడిభుజంగా నిలిచింది. అలాగే నల్లసముద్రం మీదుగా కొందరిని, తూర్పున వ్లాదివోస్తోక్ రేవు నుంచి ఓడల మీద భూగోళం సగం చుట్టి కొందరిని తెచ్చారు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు క్యాలెండరు. చలికాలం వస్తే బాల్టిక్ రేవులు గడ్డకడతాయి. శిబిరాల్లో ఇంకో చలికాలం గడపాల్సి వస్తే ఎంతమంది మిగులుతారో చెప్పలేం. మంచు ఎప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో నాన్సెన్‌కు చెప్పేవారెవరు? 1920 నవంబరు నాటికే సుమారు 2 లక్షల మందిని ఇళ్లకు పంపామని సమితికి నివేదించారు.

1922లో పని ముగించి తుది నివేదిక ఇచ్చారు. ఇళ్లకు చేరినవారు 4,27,886 మంది. వారు దాదాపు 30 దేశాలకు చెందినవారు. మొత్తం ఖర్చు 4 లక్షల పౌన్ల లోపే. లెక్కల పీరియడులో భాగించి చూడండి, ఒక మనిషిని ఇంటికి చేర్చడానికి ఒక పౌను కూడా పట్టలేదు.

మేము ఆ సంఖ్యను చాలాసార్లు చూశాం. సుమారు నాలుగు లక్షల పాతిక వేలు అని రాసేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ చివర 886 అని ఉంది. ఆ ఆరో మనిషిని కూడా ఎవరో పేరుపెట్టి పిలిచారు, అతను పలికాడు, ఎవరో రాసుకున్నారు. హాజరు తీసుకోవడమంటే ఇదే.

ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. జాబితా వేస్తే దొరికినవాళ్లే కాదు, దొరకనివాళ్లూ తేలతారు. శిబిరాల్లో జ్వరానికీ ఆకలికీ పోయినవాళ్లు ఎందరో. వాళ్ల ఇళ్లకు వెళ్లిన కబురు మంచిది కాదు. అయినా ఏళ్ల తరబడి గుమ్మం వైపు చూస్తూ కూర్చునే తల్లికి, ఏడవడానికైనా ఒక కబురు కావాలి.

ఏ దేశమూ లేనివాళ్లకు ఒక కాగితం

ఈ పని సగంలో ఉండగానే మరో రెండు పనులు మీద పడ్డాయి. 1921లో రష్యాలో ఘోరమైన కరువు వచ్చింది. నాన్సెన్ సమితి ముందు నిలబడి ప్రభుత్వాలను అప్పు అడిగారు. బోల్షివిక్‌లకు సాయం చేయడమేమిటని ప్రభుత్వాలు నిరాకరించాయి. ఆయన అమాయకుడని, మోసపోతున్నాడని పత్రికల్లో విమర్శలు వచ్చాయి. ఊరూరా తిరిగి, కరువు ఫొటోలు చూపించి, ప్రజల దగ్గర చందాలు పోగుచేసి, చేతనైనంత తిండి పంపారు. అయినా లక్షల మంది చనిపోయారు. ఆయన ప్రతి పనీ గెలిచిందని మీకు చెబితే అది అబద్ధం.

రెండోది శరణార్థుల పని. విప్లవం తర్వాత రష్యా వదిలి వచ్చిన లక్షల మందికి పౌరసత్వం రద్దయింది. పాస్‌పోర్టు లేదు. ఒక దేశం పొమ్మంటుంది, ఇంకో దేశం రావద్దంటుంది. టీసీ లేకుండా కొత్త బడికి వెళితే చేర్చుకుంటారా? వాళ్లది అంతకు వెయ్యి రెట్ల కష్టం. 1922 జూలైలో జెనీవాలో సమావేశం పెట్టి, ఇలాంటివారికి ఒక గుర్తింపు పత్రం ఇచ్చేందుకు నాన్సెన్ దేశాలను ఒప్పించారు. దాన్నే నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. కాలక్రమంలో 50కి పైగా దేశాలు దాన్ని అంగీకరించాయి. చిత్రకారుడు షగాల్, సంగీతకర్తలు స్త్రవిన్‌స్కీ, రఖ్మానినోవ్ లాంటివారు ఆ కాగితంతోనే సరిహద్దులు దాటారు. పేరూ ఊరూ ఎవరూ ఎరగని కూలీలు, దర్జీలు, విద్యార్థులు వారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

1922లో నాన్సెన్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ డబ్బును కూడా సహాయ కార్యక్రమాలకే ఖర్చు చేశారు. ఆ తర్వాత ఆర్మీనియా శరణార్థుల కోసం చివరిదాకా తిరిగారు. వారికి సొంత నేల మీద ఊళ్లు కట్టించాలన్న ఆయన పథకానికి డబ్బు పుట్టలేదు.

1930 మే 13న తన ఇంట్లోనే గుండె ఆగి కన్నుమూశారు. మే 17న అంత్యక్రియలు జరిపారు. అది నార్వే ప్రజలకు జాతీయ పండుగ రోజు. ఆయన పేరు మీద నడిచిన శరణార్థుల కార్యాలయానికి 1938లో మళ్లీ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. శరణార్థుల కోసం పాటుపడేవారికి ఐక్యరాజ్య సమితి సంస్థ 1954 నుంచి ఆయన పేరుతోనే పురస్కారం ఇస్తోంది.

మనం చేయగలిగింది

ఇప్పుడు ఆ రేకు పెట్టె దగ్గరకు వద్దాం. తప్పిపోయిన మనిషి దొరుకుతాడో లేదో తెలియకుండానే జాక్సన్ దాన్ని రెండేళ్లు దాచారు. ఆయన అలా దాచకపోతే, ఆ మనిషి దొరికిన రోజున చేతికివ్వడానికి ఏమీ ఉండేది కాదు. జెనీవాలో కార్డులు రాసినవాళ్లు చేసిందీ అదే. నార్వా కోటలో దుప్పట్లు సిద్ధంగా పెట్టుకున్నవాళ్లు చేసిందీ అదే.

మీలో కొందరి నాన్నలు, అమ్మలు సైన్యంలో ఉన్నారు. కొందరు రైల్వేలో, బ్యాంకుల్లో, తపాలా శాఖలో ఉన్నారు. మనం ఊళ్లు మారుతూనే ఉంటాం. మన తరగతి నుంచి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు వెళ్లిపోతారు. నెల తిరక్కముందే వాళ్ల పేరు కూడా మర్చిపోతాం. ఈ ఏడాది ఒక పని చేయండి. నోటుబుక్కు వెనక పేజీలో, వెళ్లిపోయే స్నేహితుడి పూర్తి పేరు, వెళ్లే ఊరు, వాళ్ల అమ్మానాన్నల నంబరు రాసిపెట్టుకోండి. అది ఎప్పుడు పనికొస్తుందో మనకు తెలియదు. తెలియకపోయినా రాసిపెట్టండి.

ఎప్పుడైనా ఢిల్లీ వెళితే ఇండియా గేటు దగ్గర ఫొటో దిగి వచ్చేయకండి. తల ఎత్తి చూడండి. ఆ రాళ్ల మీద 13,000కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో ఒక్క పేరు ఎంచుకుని, కూడబలుక్కునైనా సరే, బయటికి వినపడేలా చదవండి. ఇన్నేళ్ల తర్వాత ఎవరో ఒకరు అతని హాజరు తీసుకున్నట్టు అవుతుంది.